థర్మామీటరుకి తడిగుడ్డ

ఆ బడిలో సైన్సు టీచరమ్మకి పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు ఎండమ్మ. ఆవిడకి తెలుసు, తెలియనట్టే ఉంటుంది. ఏ పాఠం ఎత్తుకున్నా చివరికి ఎండ దగ్గరికే వచ్చి ఆగుతుంది మరి. కప్ప గుండె గురించి చెబుతూ చెబుతూ మనిషి చెమట దగ్గర తేలుతుంది.

దానికో కారణం ఉంది. ఆవిడ అన్నయ్య స్లాబులు పోసే పనివాడు. ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, "చూడవే చెల్లాయ్, ఒక్క చుక్క చెమట లేదు. ఈ ఒంటికి ఎండ అలవాటైపోయింది," అని గొప్పగా చేయి చాపాడు. చేయి పొడిగా, పెనంలా కాలుతోంది. ఆవిడ నవ్వి చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లు సగం తాగేలోపే అతను గోడవారగా జారిపోయాడు, మళ్లీ లేవలేదు. చెమట ఆగిందంటే ఒళ్లు చేతులెత్తేసిందని ఆవిడ తర్వాతెప్పుడో చదువుకుంది. అలాంటి చేయి మరొకటి తనకి తగలకూడదు. ఆవిడ పాఠాలన్నీ అందుకే.

వరండా స్తంభానికి ఒక థర్మామీటరు తగిలించి, దాని మీద గోళ్లరంగుతో ఎర్రగీత గీసింది. పాదరసం గీత దాటితే ఎవరూ మైదానంలోకి పోకూడదు. ఈ మాటకి హెడ్మాస్టరుని ఒప్పించేసరికి ఆవిడకి తాతలు దిగొచ్చారు. మైదానం చుట్టూ ఒకప్పుడు చెట్లుండేవి. పరుగుబాట వెడల్పు చాలదని ఆయనే కొట్టించాడు. ఆ మోళ్ల పక్కన ఆవిడ పిల్లలచేత మొక్కలు నాటించింది.

"ఇవి నీడనిచ్చేసరికి మాకు పెళ్లిళ్లయిపోతాయి టీచర్."

"మీ పిల్లలకి తలకాయలుండవురా?"

ఎండలన్నీ ఒక తీరువి కావు. ఇసుక దేశాల ఎండ నిప్పులు చెరుగుతుంది గాని, అక్కడ నెత్తిన తడి తువ్వాలు వేసుకుంటే ప్రాణం లేచొస్తుంది. పొడిగాలి ఆ తడిని తాగుతూ వేడిని కూడా పట్టుకుపోతుంది. గాలే తడిసి ముద్దైన చోట వేరే సంగతి. అది మన చెమటని ఎక్కడ పెట్టుకుంటుంది? అలాంటి ఎండ అంకెల్లో తక్కువగా కనబడి, పనిలో రెండాకులు ఎక్కువే చదివి ఉంటుంది.

ఆ రోజు వచ్చింది ఆ రెండో రకం. నిన్న ఉతికి ఆరేసిన ఆటల జెండాలు ఇంకా ఆరలేదు. ఆకు కదలడం లేదు. గోడ మీద కాకులు ముక్కులు తెరుచుకుని కూర్చున్నాయి. పోటీలు దగ్గరపడ్డాయి. హెడ్మాస్టరు స్తంభం దగ్గర ఆగి కళ్లజోడు సర్దుకున్నాడు.

"గీత కిందే ఉందమ్మా. మీరు గీసిన గీతే. ఇంక అభ్యంతరం లేదుగా?"

"లేదు సార్." తన గీతకి తనే ఏం అడ్డు చెబుతుంది?

పిల్లలు పరుగుబాట మీదికి వెళ్లారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్లీ తడి. ఎక్కడో లెక్క తప్పుతోందనిపించి స్తంభం దగ్గరికి నడిచింది. తలనొప్పని ఆగిపోయిన ఐదో తరగతి పిల్ల అక్కడ స్టూలెక్కి, థర్మామీటరు అడుగున చుట్టిన గుడ్డపీలిక మీద నీళ్లు చిలకరిస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"పొద్దున్న దీనికి ఒళ్లు కాలిపోయింది టీచర్. గీత దాటేసింది. నీడకి చేర్చి తడిగుడ్డ వేయమని మీరే చెప్పారుగా. ఇది ఎలాగూ నీడలోనే ఉంది, పాపం."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గుడ్డ విప్పింది. పాదరసం పాకుతూ పాకుతూ గీత దాటింది. నవ్వు ఆగిపోయింది. పాఠంలో చూపించినప్పుడు తడిగుడ్డ చుడితే పాదరసం బెత్తెడు దిగేది. ఇవాళ దిగింది గోరంతే. మరి ఇంతమంది పిల్లల ఒంటి చెమట ఏం చేస్తున్నట్టు?

మైదానానికి పరుగెత్తింది. "లోపలికి రమ్మనండి సార్. నా కొలత అబద్ధం."

"మధ్యలో ఆపితే ఎలాగమ్మా?"

"రమ్మనండి."

ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు, విజిల్ ఊదాడు. రేకుల గదిలో అందర్నీ కూర్చోబెట్టి, నెత్తిన తడిగుడ్డలు వేయించి, ఆవిడ మొదటి బెంచీ నుంచి ఒక్కొక్క చేయీ పట్టుకు చూసింది. తడి. తడి. తడి. అప్పుడే కరెంటు పోయి పంకా ఆగింది.

చివరి బెంచీలో స్టూలెక్కిన పిల్ల గోడకి ఆనుకుని ఉంది.

"గుడ్డ చల్లగా లేదు టీచర్," అంది. మళ్లీ కాస్త గర్వంగా, "అందరికీ కారిపోతోంది. నాకసలు చెమటే పట్టట్లేదు," అని చేయి చాపింది.

ఆవిడ ఆ చేయి పట్టుకుంది.

పిల్లని భుజాన వేసుకుని బయటికొస్తుంటే హెడ్మాస్టరు కారు తాళాలు తీసుకున్నాడు. "అద్దాలు దించండి సార్. గాలి తగలాలి." కారు మోళ్ల పక్కనుంచి రోడ్డెక్కింది. కిటికీలోంచి దూసుకొస్తున్న గాలికి ఎదురుగా ఆవిడ తడి కొంగు పిల్ల మీద పరిచి పట్టుకుంది. ఆసుపత్రి బోర్డు కనబడే దాకా, అంత గాలికీ ఆ కొంగు తడి ఆరలేదు.