తరుగు తీసిన బూడిద

మొన్న మాచర్లలో వెల్డింగు షాపు ముందు నిలబడి ఇనుప గేటుకు బేరమాడుతున్నాను. ఉన్నట్టుండి తెల్లటి వెలుగు కళ్ళలో కొట్టింది. షాపువాడు చెప్పిన ధరకే సరేననేశాను. బేరం మధ్యలో నా నోరు మూతపడటం మా వంశానికే మచ్చ. ఆ వెలుగు నన్ను గురజాల హైస్కూలు ల్యాబులో ఎస్తేరమ్మ టీచరు ముందు నిలబెట్టింది మరి.

మాది కిరాణా కొట్ల కుటుంబం. తక్కెడ పట్టడం వచ్చునన్న ఏకైక అర్హతతో అరవైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, ఆ స్కూల్లో ల్యాబ్ అటెండరుగా చేరాను. సైన్సు టీచరు ఎస్తేరమ్మగారిది రాజుపాలెం. మనిషి బక్కపలచన, మాట కరుకు. మొదటిరోజే అద్దాల పెట్టెలోని త్రాసు చూపించి, "ఊపిరి తగిలినా ఊగుద్ది. తలుపేసి చూడు," అంది. ఆమె అటు తిరగ్గానే నా మీసంలోంచి ఒక వెంట్రుక పీకి తూచాను. ముల్లు కదిలింది! మా నాన్న తక్కెడ మీద పిల్లి కూర్చున్నా కదలదు.

పై తరగతికి సైన్సు గ్రూపు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఒకరోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇవ్వకపోతే సైన్సు కోసం పిల్లలు నరసరావుపేట పోవాలి. ఆడపిల్లల్ని అంతదూరం పంపే ఇళ్ళు ఊళ్ళో లేవు. అందుకే ఆ పూట టీచరమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఇన్‌స్పెక్టరు ముందు మెగ్నీషియం రిబ్బను ముక్కను మూత ఉన్న చిన్న పింగాణీ మూసలో పెట్టి తూచి, కాల్చి, చల్లారాక మళ్ళీ తూయాలి; తూకం నా పని. రిబ్బను కాస్తే ఉంది కనుక ముందుగా చేసి చూసుకోలేదు. ఏమవుతుందో ఆమె నాకు చెప్పనూలేదు. మూత కొంచెం ఎత్తగానే తెల్లటి మంట! పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు.

చల్లారాక తూస్తే పళ్ళెం కిందికి దిగింది. బరువు పెరిగింది! వేయించిన శనగలకు తరుగుంటుంది, ఎండిన మిరపకాయలకు తరుగుంటుంది, కాలిపోయినదానికి ఉండదా? దొంగ తూకమంటారు, టీచరమ్మ పరువు పోతుంది. అటూ ఇటూ చూసి, పట్టకారుతో చిటికెడు బూడిద తీసి జేబులో వేసుకున్నాను. పళ్ళెం లేచింది. "తగ్గిందమ్మా!" అన్నాను ఘనంగా.

"పెరగాలి కదమ్మా?" అంటూ ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు.

టీచరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏందయ్యా, జేబుకు ఆ తెలుపేంది?"

"తరుగు తీశానమ్మా."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. "తియ్యకముందు ఏం చూశావ్?"

"పెరిగిందమ్మా. చానా కాదు గానీ, పెరిగింది."

ఆమె ముఖం వెలిగిపోయింది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "విన్నారా సార్! పెరుగుద్దని ఇతనికి నేను చెప్పలేదు. పూర్వం యూరపు పండితులు కూడా కాలితే ఏదో బయటికి పోద్దనే పట్టుకుని వేలాడారు. త్రాసు పట్టుకుని కూర్చున్నాకే గదా, గాలిలోది వచ్చి కలుస్తుందని తేలింది! ఇంకో రిబ్బను ముక్క ఉంది. మళ్ళీ ఇతనే తూస్తాడు," అంది. నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా, "చూసింది చెప్పు. బాగుంటదని ఏదీ చెప్పబాకు," అంది.

రెండోసారి ఇన్‌స్పెక్టరు నా భుజం మీదుగా వంగి చూశాడు. పిల్లలు బెంచీలెక్కారు. పళ్ళెం మెల్లగా దిగింది. "పెరిగింది!" అని నేను అరిచిన అరుపుకు పక్క క్లాసు వాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. జీవితంలో నేను ఓడిపోయి గంతులేసిన బేరం అదొక్కటే. ఆ జూన్‌లో సైన్సు గ్రూపు మొదలైంది. ముందు బెంచీలు రెండూ ఆడపిల్లలవే.

లెక్క నా నమ్మకానికి అడ్డం తిరిగితే దాన్ని సర్దడానికి ఇప్పటికీ నా చెయ్యి ముందుకు పోతుంది. దాన్ని పట్టుకుని ఆపడం మాత్రం నేర్చుకున్నాను. ఈ వేసవిలో మా బావి లోతు మీద మనవరాలు నాతో పందెం కాసింది. తాడు వేసి కొలిచాం. నేనే తప్పు. "ఓడిపోయి నవ్వుతావేంది తాతా?" అంది.

మళ్ళీ కొలవమన్నాను. అనుమానంతో కాదు, ఆ ముచ్చట ఇంకోసారి చూద్దామని.