వీపు చూపించే డాక్టరు

వెండెల్ క్రెబ్స్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరితో మాట్లాడాలన్నా ముందు వాళ్లకి వీపు చూపిస్తాడు.

నలభై ఏళ్లు కాపర్ ఫ్లాట్ అనే ఊళ్లో పళ్ల డాక్టరుగా అందరి నోళ్లూ బలవంతంగా తెరిపించిన మనిషి. రిటైరయ్యాక, నెవాడా కొండల్లో పట్టి తెచ్చిన అడవి గుర్రాలను మచ్చిక చేసే పనిలో పడ్డాడు. తాడు లేదు, కొరడా లేదు. దొడ్డి మధ్యలో గుర్రానికి వీపు పెట్టి నిలబడతాడు. దానికి బుద్ధి పుడితే వచ్చి మెడ వాసన చూస్తుంది. పుట్టకపోతే ఇద్దరూ సాయంత్రం దాకా ఎండుతారు.

ఆ అలవాటు దొడ్డిలోనే ఆగితే అతని భార్య వెర్నా గొడవ పెట్టేది కాదు. ఇంట్లోకీ వచ్చింది. పాస్టరుగారొస్తే కిటికీలోంచి బయటికి చూస్తూ కుశలం అడిగాడు. భోజనాల బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇటు తిరగవయ్యా! బఠాణీలు వాటంతటవే నడిచొచ్చి నీ నోట్లో పడవు," అంది వెర్నా.

ఇలాంటివాడి దగ్గర విద్య నేర్చుకోడానికి జనం కూడానా! ఊరి పోలీసు పెద్ద, షెరీఫ్ డ్వేన్ వచ్చాడు. ఆయన నమస్కారం పెట్టినా మనకి చేతులు పైకెత్తాలనిపిస్తుంది.

"గుర్రం దగ్గరికి ఎలా వెళ్లాలి డాక్టరుగారూ?"

"వెళ్లకూడదు."

"మరి?"

"అదే వస్తుంది."

"ఎప్పుడు?"

"నన్నడుగుతావేం? దాన్నడుగు."

షెరీఫ్ మూడు గంటలు వీపు తిప్పి నిలబడ్డాడు. గోధుమరంగు ఆడగుర్రం మెల్లగా వచ్చి, వాసన చూసి, ఆయన టోపీ అంచు కొరికి నమిలింది.

"నచ్చావయ్యా," అన్నాడు వెండెల్ కంచెకేసి చూస్తూ.

ఆ ఫిబ్రవరిలో ఐడెల్లా పైక్‌కి పక్షవాతం వచ్చింది. చర్చిలో పాటలు నేర్పే ఆవిడ. నోరు విప్పితే షెరీఫే పక్కకి తప్పుకునేవాడు. ప్రాణం దక్కింది గానీ మూతి ఓ పక్కకి లాగేసింది, మాట ముద్దయింది. తలుపేసుకుని కూర్చుంది. ఊళ్లోవాళ్లు ఆపిల్ పైలు పట్టుకెళ్లి, మొహంలో మొహం పెట్టి, "ఏదీ, ఒక్క మాట మాట్లాడు!" అని బతిమాలారు. మూడో ఆపిల్ పై తర్వాత తలుపుకి గొళ్లెం కూడా పడింది.

ఏప్రిల్లో ఓ సోమవారం నుంచి వెండెల్ పొద్దున్నే మాయమవసాగాడు. ఐదోరోజు వెర్నా వెతుక్కుంటూ వెళ్లింది. ఐడెల్లా ఇంటి మెట్ల మీద, తలుపుకి వీపు పెట్టి, పేపరు చదువుతున్నాడు.

"సిగ్గులేదూ? జబ్బు మనిషికి కూడా వీపేనా?"

"ష్! ఎడమ కిటికీ తెర కదిలింది."

తొమ్మిదోరోజు వెర్నా ఐడెల్లా ఇంటి కంచె దగ్గరికి వచ్చేసరికి గొళ్లెం తీసిన చప్పుడైంది. కర్ర టకటకలాడింది. కుర్చీ కిర్రుమంది. వెండెల్ తల తిప్పలేదు. పేపరు మాత్రం తిప్పాడు.

"వెం...డెల్," అంది ఐడెల్లా. "నా తులిప్... మొక్క... తొక్కుతున్నావు. కాలు... తియ్యి."

తీశాడు. "ఇంకేమైనా తప్పు చేశానా?" అన్నాడు, వీధిలోకి చూస్తూ.

చాలా చేశాడట. ఎనభై నాలుగులో పీకిన దవడపన్ను దగ్గర మొదలుపెట్టింది. మాట చిక్కుకుంది, జారింది, మళ్లీ దొరికింది. ఆ మూతిని మొహంలో మొహం పెట్టి చూసేవాళ్లు ఎవరూ లేరు. వెండెల్ ఒక్కసారైనా "ఏమిటీ?" అనలేదు.

జాబితా మధ్యాహ్నం దాకా సాగింది. కంచె అవతల వెర్నా కూడా మెల్లగా వీపు తిప్పి గడ్డిలో కూర్చుంది. ఆ తప్పుల్లో సగం తను చెప్పాలనుకున్నవే.