రెక్కలో పెట్రోలు, నా చేతిలో పుల్ల

కమలాపురంలో మా పాత నూనె కొట్టు వెనక గోదాం ఖాళీగా ఉంటే అద్దెకివ్వమన్నాను. నా మాట ఎవరు విన్నారు? ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరుగా చేసే నా మనవరాలు అందులో విమానం కట్టడం మొదలుపెట్టింది. ఇద్దరు కూర్చునేది. నేను చదివింది మూడో తరగతి, విమానాల సంగతి నాకేం తెలుసు? కానీ పెట్రోలు రెక్కల్లో ఉంటుందని చెప్పిన నాటి నుంచి నాకు ఒకటే దిగులు.

"పైన పోతాండగా అయిపోతే యాడ దిగుతావే?"

"అయిపోకముందే మీటరు ముల్లు చెప్తాది లేవ్వా."

ముల్లుకు కబురు పంపేదాన్ని సెండరు అంటారట. ట్యాంకులో ఒక తీగ, దాని చివర ఒక బెండు. పెట్రోలు మీద బెండు తేలితే ఇవతల ముల్లు లేస్తుంది. రెండు రెక్కల్లోనూ బిగించి, మూతల చుట్టూ జిగురు పూసి, చేతులు కడుక్కుని వచ్చేసింది.

కొత్త కుండైనా నీళ్లు పోసి చూడనిదే నేను పొయ్యెక్కించను. బిందె ఎత్తుకుని గోదాంలోకి పోయాను.

"అవ్వా! పెట్రోలు ట్యాంకులో నీళ్లు పోస్తారా ఎవురైనా?"

"అయితే పెట్రోలే పొయ్యి. కొలిచి పొయ్యి. చుక్క కింద పడిందంటే చూడు."

రెక్కను స్టాండు మీద సరిగ్గా నిలబెట్టి, వైర్లు కలిపి, ముల్లు దగ్గర నన్ను కూర్చోబెట్టింది.

"ఏమే, ఇంకా పొయ్యనేలేదు, నిండినట్టు చూపిస్తాండాదే?"

"కొత్తది కదా, సర్దుకుంటాది."

ఐదు లీటర్లు పోసింది. ముల్లు దిగింది. ఇంకో ఐదు పోసింది. ఇంకా దిగింది.

"పోసేకొద్దీ తగ్గిపోతాండాది! ఇదేం పెట్రోలే?"

ఆమె రెక్క వైపు చూసి, స్టూలు మీద కూలబడింది. సెండరు బిగించిన రోజు రెక్క బల్ల మీద వెల్లకిలా ఉండిందట. పైభాగమనుకున్నది అడుగు, అందుకే సెండరు తలకిందులుగా పడింది.

"రెండోది?"

"అదీ అంతేనవ్వా."

"శానా బాగుండాది. విస్తరి బోర్లించి వడ్డించినట్టుండాది నీ పని."

గట్టిపడిన జిగురు గీకడానికి రెండు ఆదివారాలు పట్టింది. మరలు పోకుండా నా చింతపండు డబ్బాలో దాచాను. సెండర్లు తిప్పి బిగించి మళ్లీ పోస్తే ముల్లు బుద్ధిగా పైకి లేచింది. అయినా ఒకసారి అబద్ధమాడిన ముల్లును నేనెట్లా నమ్మేది? కొట్లో నూనె పీపాల్లో ముంచి ఎంతుందో చూసే పాత పుల్ల తెచ్చాను. ఆమె ఐదేసి లీటర్లు పోసినప్పుడల్లా ముంచి, తడి ఆగిన చోట కత్తితో గాటు పెట్టాను.

విమానం పూర్తయి మొదటిసారి ఎగిరే రోజు, పెట్రోలు నిండుగా ఉందని ముల్లు చెప్పింది. మనవరాలు మాత్రం ఎక్కలేదు. ఒక రెక్కలో పుల్ల ముంచి, నేను కూర్చున్న చోటికి తెచ్చి చూపించింది. తుడిచి, రెండో రెక్కలో ముంచి మళ్లీ తెచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లూ చూశాను. చివరి గాటు దాకా తడి ఉంది.

"ఇంక పో. ఆ పుల్ల తుడిచి లోపలే పెట్టుకో. పైనుంచి పారేసినావంటే ఇంకోటి ఇచ్చేదాన్ని కాదు."