మంచు పలక మీద మినప వడియాలు

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. ఆమె మిద్దె మీద అద్దెకుంటున్న నర్సమ్మాయి చేసింది. "అవ్వ నిద్రలోనే పోయిందక్కా" అని ఏడ్చి, ముక్కు చీదుకుని, "అక్కా, పైన పలక మీద వడియాలు పెట్టుండాది. తియ్యాల్నా, ఉంచాల్నా?" అని అడిగింది. ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వేశాను. పక్కనే ఉన్న మా ఆయన కంగారు పడలేదు. ఆ పలక సంగతి ఆయనకు తెలుసు. మీకు తెలియదు గనక చెబుతాను.

అత్త మా నాయనకు చెల్లెలు. మామ చిత్తూరులో నూనె మిల్లు పక్కన మిద్దె ఇల్లు కట్టి, అందులో నాలుగేళ్ళయినా ఉండకుండానే పోయాడు. పిల్లల్లేరు. చిన్న వయసు. ఇంకేముంది, అన్న ఇంటికి వచ్చి ఓ మూల కూర్చుంటుందని ఊరంతా అనుకుంది. ఆమె మాత్రం "నా పొయ్యి నాకుండాది గదన్నా" అని కదల్లేదు. పై గదులు అద్దెకిచ్చుకుని బతికింది. నన్ను కాలేజీలో చేర్చాక నాయన ఆ ఇంట్లోనే దించాడు. చెల్లెలికి తోడు అని ఆయన లెక్క. కాపలా అని నాకు తర్వాత అర్థమైంది.

ఎనభైల మొదట్లో ఊరి బయట కడుతున్న ఒక ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి ఆస్ట్రియా నుంచి ముగ్గురు వచ్చారు. తెల్లోళ్ళు, తాగుతారు, మాంసం తింటారు అని ఎవరూ ఇల్లివ్వలేదు. అత్త ఇచ్చింది. "ఆకలీ దప్పికా లేనోడు యాడన్నా ఉంటే తోడుకోని రా, వానికే ఇస్తా" అని ఇరుగింటామె నోరు మూయించింది. షరతులు మాత్రం పెట్టింది. ఇంట్లో మాంసం వండకూడదు. బీరు మిద్దె మీదే తాగాలి. శనివారం మాత్రం ముట్టకూడదు, అది కొండమీద స్వామి రోజు. ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పింది నేనే. నా ఇంగ్లీషుకు వాళ్ళ ఇంగ్లీషు భలే కుదిరింది. ఇద్దరిదీ సొంత భాష కాదుగా!

వాళ్ళ పేర్లకు అత్త నోరు తిరగలేదు. ఒకాయన పొడుగాయన, ఒకాయన గడ్డమాయన. మూడో అతను పాతికేళ్ళ కుర్రాడు. సామాన్లలో మనిషెత్తు పలక ఒకటి తెచ్చుకున్నాడు. రెండు కొసలా పైకి వంపు, మధ్యలో పాదాలు దూర్చే తోలు పట్టీలు, అద్దంలాంటి నునుపు. ఏమిటిదని అడిగితే, మంచుకొండ మీద దీనిపై నిలబడి జారతామన్నాడు. ఇండియాలో హిమాలయాలున్నాయి కదా, ఆదివారాలు వెళ్ళొస్తానన్నాడు! నేను అట్లాసు తెచ్చి చిత్తూరు మీద ఒక వేలు, హిమాలయాల మీద ఒక వేలు పెట్టి చూపించాను. పటం చూశాడు, నన్ను చూశాడు, వాకిట్లో భగ్గుమంటున్న మే నెల ఎండను చూశాడు. మెట్ల మీద కూలబడ్డాడు. గడ్డమాయన పొట్ట పట్టుకుని దొర్లి దొర్లి నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు పలకాయన.

"ఊరికే గోడకానిస్తే ఏం లాభం?" అని మర్నాడే అత్త ఆ పలకను మిద్దె మీద పరిచి, పైన తెల్లగుడ్డ వేసి మినప వడియాలు పెట్టేసింది. పలకాయన చూసి నోరు వెళ్ళబెట్టాడు. మొదటి వాయి వడియాలు వేయించి పెట్టాక మూసుకున్నాడు. ఆ తర్వాత ఆదివారాలు కాకుల్ని తోలే పని అతనిదే.

ఆ మిద్దె మీద సాయంత్రాలు ఎలా ఉండేవో! పొడుగాయన పొట్టకు కట్టుకుని వాయించే పెద్ద హార్మోనియం లాంటి వాయిద్యం, అకార్డియన్, తెచ్చుకున్నాడు. దాన్ని సాగదీసి నొక్కితే వీధి చివరి దాకా వినపడేది. అతని పాటకు అత్త రెండు చెక్కముక్కలతో తాళం వేసేది. ఆ తాళం ఆమెకెక్కడిదంటారా? మా నాయన చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు కొట్టుకుంటూ వరసగా అడుగులేసే ఆ భజనలో ఆడపిల్లల్ని చేర్చుకునేవారు కాదు. చిన్నప్పుడు మంచినీళ్ళు అందించే వంకతో వెళ్ళి, అన్నీ చూసి నేర్చేసుకుంది అత్త. ఆమె తాళానికి పొడుగాయన తల ఊపుతూ "అత్తా, అత్తా!" అని కేకలేసేవాడు. నేను పిలుస్తుంటే విని ముగ్గురూ ఆమెను అత్తా అనే పిలిచేవారు.

బీరు చల్లబడాలంటే బావే దిక్కు. సీసాలను గోనెసంచిలో వేసి, తాడు కట్టి మా పెరటి బావిలోకి దించేవాళ్ళు. అత్త ఒకసారి గ్లాసు అడుగున ఇంత పోయించుకుని రుచి చూసి, మొహం చిట్లించింది. "వేపాకు కషాయం మాదిరుండాది గదరా నాయనా! దీనికా మీరింత సంబరం?" నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబితే గడ్డమాయన చాలా బాధపడ్డాడు.

డిసెంబరు వచ్చింది. అక్కడ వాళ్ళ ఊళ్ళో మంచు, పండుగ. ఇక్కడ పలకాయన అన్నం కెలికి వదిలేస్తున్నాడు. పొడుగాయన పాట ఎత్తుకున్నా గదిలోంచి బయటికి రావడం లేదు. అత్త అతని దగ్గరున్న ఫోటో ఒకటి అడిగి తీసుకుంది. తెల్లటి ఏటవాలు కొండ, దాని మీద చిన్న చీమలా మనిషి. చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"పాపా, వానికి మంచే గావాల్నా, జారేది గావాల్నా అడుగు."

అడిగాను. జారేదే కావాలన్నాడు.

"అయితే మిల్లు కాడ సెనిక్కాయ పొట్టు ఉండాది గదే!"

మీరెప్పుడైనా వేరుశనగ మిల్లు దగ్గరి పొట్టు గుట్ట చూశారా? కాయలు ఒలిచే రోజుల్లో అది మిద్దె ఎత్తు లేస్తుంది. మిల్లు సెట్టి నవ్వి, "పోయి దొర్లండప్పా, నాదేం పోయె" అన్నాడు. మొదటిసారి పలకాయన పైనుంచి బయలుదేరి నడుం దాకా కూరుకుపోయాడు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళంతా చేటలు వదిలేసి వచ్చి నవ్వారు. అత్త ఊరుకుంటుందా? ఆడవాళ్ళ చేత పొట్టును తొక్కించి గట్టి చేయించింది, పలక అడుగున శనగనూనె రాయించింది. రెండోసారి సర్రుమని వచ్చాడు! కిందికొచ్చి ఎగిరి గంతేసి, ఏడ్చి, అత్త కాళ్ళకు దండం పెట్టాడు. దండం పెట్టడం ఎవరు నేర్పారో మరి.

మరుసటి ఆదివారం అత్త కొంగు బిగించి "నేనూ ఎక్కతా" అంది.

"అత్తా, కాళ్ళిరుగుతాయి!"

"ఏటా అలిపిరి మెట్లెక్కే కాళ్ళు మే ఇవి. గమ్మునుండు."

ఆ రోజు రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లూ సగంలోనే పడింది. మోకాళ్ళు వంచు, పాదాల వైపు చూడకు, దూరంగా చూడు అని పలకాయన, అదే మాటను తెలుగులో నేను, ఇద్దరం గొంతు పోయేలా అరిచాం.

సరిగ్గా ఆ వారమే కొంప మునిగింది. కరెంటు లేక కుళాయి రాలేదని ఇరుగింటామె మా బావికొచ్చి, బరువుగా ఉన్న తాడును చేద అనుకుని లాగింది. గోనెసంచి పైకొచ్చింది. బీరు సీసాలు! ఇక ఊరి నోటికి అడ్డేముంది? మూడో రోజుకు నాయన దగ్గర్నుంచి కబురు. "ఆదివారం బండి తెస్తాండా. ఇల్లు ఖాళీ జేసి ఇద్దురూ సామాను కట్టి పెట్టండి."

బండి వచ్చిందంటే నా చదువూ పోయినట్టే, అత్త ఇల్లూ పోయినట్టే. అత్త మాత్రం అంట్లు తోముకుంటోంది. శనివారం దాకా ఒక్క చీర కూడా మడతపెట్టలేదు.

"అత్తా, సామాను కట్టవా?"

"ఎవురి సామాను మే?"

ఆదివారం తెల్లారింది. అత్త తలంటుకుని, ఇంటికి తాళమేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. పొట్టు గుట్ట వైపు నడిచింది. వెనకే పలక మోసుకుని పలకాయన, అకార్డియన్‌తో పొడుగాయన, అత్త తాళపు చెక్కముక్కలు పట్టుకుని నేను. గడ్డమాయన ఆ రోజు సీసా తేలేదు. విషయం వాళ్ళకూ తెలుసు.

అత్త గుట్ట పైకెక్కి పట్టీల్లో పాదాలు దూర్చుకుంటుండగానే బండి వచ్చేసింది. ఇంటికి తాళం చూసి నేరుగా మిల్లుకే వచ్చారు. నాయన, వెంట భజన చేసే వాళ్ళు ఇద్దరు. నాయన బండి దిగి తలెత్తి చూశాడు. ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది.

"మే! నీకేమన్నా మతి పోయిందా? దిగు కిందికి!"

"దిగతా ఉండానన్నా!"

అంతే! వంగింది, ఒరిగింది, వచ్చేసింది! సగం దాటింది, పడలేదు. గుట్ట మధ్యలో పలక ఒక్కసారి ఊగింది. నేను కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు. చేతులు రెండూ చాచి, చెక్కభజనలో అడుగు మార్చేటప్పుడు తిప్పినట్టే నడుం తిప్పి నిలదొక్కుకుంది. నా చేతుల్లో చెక్కముక్కలు వాటంతటవే మోగాయి. పొడుగాయన వాయించేశాడు. బండిలో కూర్చున్న భజన వాళ్ళు కూడా చేతులాపుకోలేక, ఎప్పుడూ వెంట ఉంచుకునే చెక్కలు తీశారు. జుట్టు నిండా పొట్టుతో, ఒగరుస్తూ, నిలబడే వచ్చి నాయన కాళ్ళ ముందర ఆగింది మా అత్త.

మిల్లు ఆడవాళ్ళ ఈలలు, కేకలు! నాయన ఒక్కడే కదల్లేదు. పలకను చూశాడు, గుట్టను చూశాడు. చెల్లెలి వైపు తిరిగి అన్నాడు.

"ఆ నడుం తిప్పుడు నీకెవురు నేర్పిరి?"

"నువ్వే గదన్నా. నీళ్ళు తెమ్మని పిలిస్తివి గదా."

నాయన భుజం మీది తువ్వాలు తీసి ఆమె తలలోని పొట్టు దులిపాడు. భజన వాళ్ళ వైపు తిరిగి, "దీన్ని నేను పట్టుకోవాల్సిన పని లేదప్పా" అన్నాడు. వచ్చిన బండి ఉత్తిగా పోకూడదని సెట్టి దాని నిండా పొట్టు పోయించాడు. మా అమ్మ ఆ ఏడాదంతా దాంతోనే పొయ్యి వెలిగించింది. నాయన బతికినంత కాలం ఊళ్ళో ఎవరైనా "నీ చెల్లెలు ఒంటిగా ఎట్టుండాదప్పా?" అంటే "నిలబడే ఉండాదిలే" అనేవాడు. నేను చదువు పూర్తి చేశాను, ఉద్యోగం చేశాను. ఏం చేసినా ఆ ఆదివారం వల్లే.

ఫ్యాక్టరీ పని ముగిసి ముగ్గురూ వెళ్ళిపోయేటప్పుడు పలకాయన పలక ఎత్తుకోలేదు. అక్కడ ఇలాంటివి చాలా దొరుకుతాయి, ఇక్కడ అత్తకు ఇదొక్కటే కదా అన్నాడు. అప్పటి నుంచి ఏ ఎండాకాలమూ అది ఖాళీగా లేదు. కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళు పట్టీలెందుకని అడిగితే, "కాళ్ళు పెట్టేదానికి" అని అత్త వంటింట్లోకి పోయేది. నమ్మేవాళ్ళు నమ్మేవారు.

మంగళవారం సాయంత్రం అంతా అయ్యాక ఒక్కదాన్నే మిద్దె ఎక్కాను. ఇంటి నిండా చుట్టాలు. పొద్దున పోయిన మనిషి ముందు రోజు పెట్టిన వడియాలు తెల్లగుడ్డ మీద వరసగా ఉన్నాయి. చివరి వరసలో రెండు మూడింటికి ఆమె వేళ్ళ గుర్తులు. ఒకటి తీసి నొక్కి చూశాను. లోపల ఇంకా మెత్తగా ఉంది. నర్సమ్మాయి వెనకే వచ్చి, "తీసేద్దామా అక్కా?" అంది.

"ఉండనీ. ఇంకో ఎండ కావాల" అన్నాను. పలకను రెండు చేతులా పట్టి పొద్దుటి ఎండ పడే వైపుకు జరిపాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది నున్నగా, చప్పుడు లేకుండా, దానంతటదే జారి వచ్చింది.