చెరువులోకి దిగిన మంజూరైన సైకిల్ మార్గం

ఈ ఉదయం జరిగిన దాని నుంచి నేనింకా తేరుకోలేదు. మా కార్యాలయంలోని కోస్తావారు ఇక్కడ సముద్రం లేదని బెంగపడుతున్నందున, మాదాపూర్ చెరువు అంచున ఒక సైకిల్ మార్గాన్ని మే నెలలో చూసి, పటం గీసి, పై అధికారి ఆమోదం పొందాను. వచ్చే ఆదివారం పది కుటుంబాలు రావలసి ఉంది. వానలు వెలిశాయి కదా అని ఈ రోజు అధికారి గారు, నేను తనిఖీకి బయలుదేరాము. హోదా ప్రకారం ఆయన సైకిల్ ముందు, నాది వెనుక.

బండరాళ్ల మలుపు దగ్గర బర్రెలు కాస్తున్న మల్లయ్య అనే పెద్దాయన చేతులెత్తి అరిచాడు: "ఓ సారూ, ఆగుండ్రి! గది ఎండకాలం బాట! ఇప్పుడు గాడ చెరువున్నది!"

"ఇది మంజూరైన మార్గమయ్యా, నేనే సంతకం చేశాను," అన్నారు అధికారి గారు, బ్రేకు వేయకుండానే.

"సంతకం నువ్వు జేసినవ్ సారూ, చెరువు జెయ్యలే!"

మలుపు తిరగగానే నేను గట్టిగా బ్రేకు వేశాను. నేను ఎర్ర సిరాతో గీసిన బాట నీళ్లలోకి దిగిపోయింది. దానితోపాటు అధికారి గారూ దిగిపోయారు. సముద్రపు ఊరివాణ్ణి కావడంతో, నీటి అంచు ఏడాదంతా ఒకేచోట ఉంటుందని నమ్మాను.

మల్లయ్య తన తలపాగా విసిరి ఆయనను గట్టుకు లాగాడు. సైకిల్, దాని కొత్త డైనమో దీపం దక్కలేదు.

మార్గాన్ని తక్షణం రద్దు చేయమని ఆయన వణుకుతూనే ఆదేశించారు. రద్దుకు అసలు ఫైలు కావాలి. అది ఆయన సైకిల్ క్యారియర్‌కు కట్టిన సంచిలో ఉంది. మునిగిన ఫైలుపై ఉత్తర్వు రాసే పద్ధతి తెలిసినవారు ఆదివారంలోగా తెలియజేయగలరు. అంతవరకు మార్గం అమలులోనే ఉంది.