మూడు కళ్ళ బావి

పగిలిన రాతిలో నీళ్ళు ఎట్లా నడుస్తాయో చదవడానికీ, చెప్పడానికీ నా ఉద్యోగమంతా సరిపోయింది. అందులో మొదటి పాఠం నాకు తిరుత్తణి పక్కన ఒక వేరుశనగ రైతు చెప్పాడు.

డెబ్బైల చివర. కాపురం తిరువళ్ళూరులో, కాలేజీలో కొత్త లెక్చరర్ని. వానలు మొహం చాటేసిన ఏడు. ఏ బావులు బాగుచేస్తే నీళ్ళు పడతాయో జాబితా ఇమ్మని సర్కారు మా డిపార్టుమెంటును అడిగింది. జాబితాలో ఉన్న బావికే యంత్రం వస్తుంది. లోపలికి దిగి రాతి గోడకు అడ్డంగా బోరు వేస్తుంది. లేని బావి ఎండితే ఎండినట్టే, దాని కింది చేనూ అంతే.

జాబితాలో ఆ రైతు బావిని కొట్టేశారు. ఎదురుగా అరవంలో "మూడు రాళ్ళు, నీరు లేదు" అని ఉంది. రాసింది మదురై వైపు నుంచి వచ్చిన మా అసిస్టెంటు. ఆ నేలలో తవ్వితే అంతా రాయే, మూడు రాళ్ళేమిటి? రైతు ఊరికి పోయే ఆర్.కె.పేట బస్సెక్కాను.

"ఆ సారుకు ఏం చెప్పినావన్నా?" అని అడిగాను.

"ఉండేదే చెప్పినాను తల్లీ. మా బాయికి మూడు కళ్ళుండాయంటిని. రాసుకోని పోయినాడు."

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. బావిలో నీళ్ళూరే పగులును మా పక్క కన్ను అంటారు. అరవంలో కల్లంటే రాయి. మావాడు కళ్ళను రాళ్ళు చేసి పెట్టాడు. సంగతి రైతుకు చెప్పి, ఇంకా నయం, తాగే కల్లనుకోలేదన్నాను.

మెట్లయిపోయిన చోట కుచ్చెళ్ళు దోపి తాడు పట్టుకున్నాను. "ఆడమనిషి దిగితే నీళ్ళు పోతాయి" అన్నారెవరో గట్టు మీద. "ఉంటే కదా పోయేది" అన్నాను. మూడు పగుళ్ళున్నాయి. రెండింటి అంచున నాచు పచ్చగా ఉంది, చెయ్యి పెడితే చెమ్మ తగిలింది.

మర్నాడు మా పెద్ద ప్రొఫెసరు వినలేదు. "రికార్డులో ఎక్కింది ఎక్కింది" అన్నారు. ఆ పక్క బావుల పని నాకప్పగించింది గనక, నా సంతకం లేనిదే జాబితా కదలదు. పెట్టనన్నాను.

"నువ్వింకా పర్మనెంటు కాలేదు, గుర్తుందా?"

"గుర్తుంది సార్."

అయినా ఆయన ఎదుటే "మూడు రాళ్ళు" కొట్టేసి, తెలుగులో "మూడు కళ్ళు" అని రాసి, పక్కన సంతకం చేశాను.

"ఈ లిపి ఇక్కడ ఎవరికొచ్చు?" అన్నారు.

"బావి గలాయనకొచ్చు" అన్నాను.

ఆ మాటకు నా ఉద్యోగం పర్మనెంటు కావడం రెండేళ్ళు వెనక్కి పోయింది. పోనీ. యంత్రమైతే వచ్చింది.

మొదటి బోరులో రాతిపిండి తప్ప ఏమీ రాలేదు. ప్రొఫెసరుగారు గట్టు మీద నిలబడి గడియారం చూసుకున్నారు. రెండోది నాచున్న ఇంకో పగులు కింద వేయించాను. మధ్యాహ్నానికి గొట్టం దగ్గి, ముందు బురద కక్కి, ఆనక తేట నీళ్ళు పోసింది. రైతు దోసిలి పట్టి తాగి, తడి చెయ్యి పంచెకు తుడుచుకుని, ప్రొఫెసరుగారికి వినబడేట్టుగానే నాతో అన్నాడు:

"ఆ రాసుకోని పోయిన సారును మళ్ళా రమ్మను తల్లీ. కల్లో, కన్నో, ఇప్పుడు రాసుకోమను."