బొంగరం మేడం పెట్టిన పరీక్ష

బొంగరం మేడానికీ కుర్చీకీ ఏనాడూ పొత్తు కుదరలేదు. వినికిడి తక్కువైన పిల్లలకు పరీక్షలు చేసి, చెవి మిషన్లు అమర్చి, వాటి బాగోగులు చూడటం ఆవిడ పని. ఒకడి చెవిలో మిషన్‌ని పట్టి ఉంచే అచ్చు సరిచేస్తూనే ఇంకొకడి మిషన్‌కి బ్యాటరీ మారుస్తుంది. ఆ మధ్యలోనే గుమ్మంలో నిలబడ్డ తల్లికి మిషన్ ఎలా తుడవాలో చెప్పేస్తుంది. తిండి కూడా నిలబడే. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని దర్జీ పని చేసుకునే మొగుడు, “దీని అరికాళ్ళలో చక్రాలున్నాయి” అంటాడు. “చక్రాలుంటే చెప్పులెందుకు అరుగుతాయి?” అని ఆవిడ జవాబు, అదీ గడప దాటుతూనే.

ఆ తొందర ఊరికే వచ్చింది కాదు. పిల్లలు మాటలు నేర్చుకునే వయసు ఎవరి కోసమూ ఆగదు. పెద్దవాళ్ళ మిషన్ కొన్నాళ్ళు మూలపడితే వాళ్ళకి విసుగు పుడుతుంది, అంతే. మూడేళ్ళ పిల్లకి ఆ కొన్నాళ్ళలో రావలసిన మాటలు రాకుండా పోతాయి. అందుకే ఎవరైనా “తర్వాత చూద్దాంలెండి” అంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

ఆ ఉదయం ఒక అమ్మమ్మ తన మనవరాలిని తీసుకొచ్చింది. మనిషి పిడికెడంతే ఉంటుందని ఆ పిల్లని పిచ్చుక అని పిలుస్తుంది. తల్లి బట్టల కొట్లో పని చేస్తుంది కాబట్టి తిప్పడమంతా అమ్మమ్మే. పిచ్చుక రెండు చెవులకీ మిషన్లున్నాయి. అవి పనికొస్తున్నాయో లేదో చూసే పరీక్ష చాలా తేలిక. పిల్ల చేతిలో చెక్క ముక్క ఉంటుంది. శబ్దం వినపడగానే దాన్ని డబ్బాలో వేయాలి. పెదవులు కనపడకుండా బొంగరం మేడం నల్లగుడ్డ బిగించిన గుండ్రటి చట్రం నోటికి అడ్డం పెట్టుకుని, పిల్ల వెనక నిలబడి ఒక్కొక్క శబ్దమే అంటుంది. ఆ... ఊ... ష్... స్...

పిచ్చుకకి అమ్మమ్మ మొహం కనపడకపోతే ఏడుపే. అందుకని ఎప్పటిలాగే అమ్మమ్మని ఎదురుగా కూర్చోబెట్టారు. ఎప్పటిలాగే చెక్క ముక్కలన్నీ టకటకా డబ్బాలో పడ్డాయి. “భేష్! ఇక ఆరు నెలల తర్వాత రండి” అంది బొంగరం మేడం. అమ్మమ్మ మొహం చాటంత అయింది.

బొంగరం మేడం గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, వరండాలో పిచ్చుక ముందు పరిగెత్తింది. “ఆగవే, మెట్లున్నాయి!” అని అమ్మమ్మ వెనకనుంచి అరిచింది. పిల్ల ఆగలేదు, తల తిప్పలేదు. అమ్మమ్మే ఆయాసపడుతూ వెళ్ళి రెక్క పట్టుకుంది. “మొండి ఘటం. విని కూడా విననట్టే పోతుంది” అని ముచ్చటగా నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

బొంగరం మేడం లోపలికొచ్చింది గానీ మనసు వరండాలోనే ఉండిపోయింది. తర్వాతి పిల్లాడి మిషన్‌లో బ్యాటరీ తిరగేసి పెట్టింది. తీసి మళ్ళీ అలాగే పెట్టింది. పిల్ల మొండిదే అనుకుందాం. అయినా అంత గట్టిగా అరిస్తే ఉలిక్కిపడనైనా పడదా? పరీక్షలో పిచ్చుక ఎటు చూస్తుందో గుర్తు చేసుకుంది. చేతిలో చెక్క వైపు కాదు, డబ్బా వైపు కాదు. ఎప్పుడూ ఎదురుగానే. అంతే, చేతిలోది బల్ల మీద పడేసి, “ఇప్పుడే వస్తా” అని కాలు గాలిన పిల్లిలా మెట్లు దిగింది. బస్సు వచ్చేసి ఉంటే? ఆరు నెలలు! వాళ్ళని పంపింది తనే అన్న మాట గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది.

బస్సు ఇంకా రాలేదు. “ఒక్కసారి పైకి రండమ్మా, ఇంకోటి చూడాలి” అని, అమ్మమ్మ నోరు తెరిచేలోపే పిచ్చుకని చంకనెత్తుకుంది.

ముందు మిషన్లకి గొట్టం తగిలించి తనే విన్నది. రెండూ గంటలా పలుకుతున్నాయి. అప్పుడు అమ్మమ్మని తన పక్కనే, పిల్ల వెనక నిలబడమంది. చట్రం అడ్డం పెట్టుకుని “ష్” అంది. పిచ్చుక చెక్క పట్టుకుని అలాగే కూర్చుంది. “స్”. లేదు. మామూలు గొంతుతో “ఆ” అంది. దానికీ చెక్క పడలేదు. ఎదురుగా ఎవరూ లేరని పిల్ల బెంగగా వెనక్కి తిరిగి అమ్మమ్మ మొహం కోసం వెతుక్కుంది.

“బెదిరిందండీ” అంది అమ్మమ్మ.

“అయితే ఎదురుగా కూర్చోండి.”

ఈసారి బొంగరం మేడం పిల్లని చూడలేదు, అమ్మమ్మనే చూసింది. “ష్” అనగానే అమ్మమ్మ కనుబొమలు రవ్వంత పైకి లేచాయి. చెక్క డబ్బాలో పడింది. “స్”. కనుబొమలు లేచాయి, చెక్క పడింది.

చెప్పక తప్పదు. పిల్ల శబ్దం విని కాదు, మీ కనుబొమలు చూసి చెక్క వేస్తోందని చెప్పింది. అమ్మమ్మకి కోపం వచ్చింది. “నేనేం సైగలు చెయ్యలేదండీ! చెయ్యొద్దని మీరన్నాక చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. అసలు దానికి వినపడకపోతే, రోజూ నేను కథ చెబుతుంటే ఎలా నవ్వుతుంది?”

“మీకంటే ముందు నవ్వుతుందా, మీరు నవ్వాక నవ్వుతుందా అమ్మా?”

అమ్మమ్మ పిచ్చుక మొహంలోకి చూసింది.

“తప్పు మీది కాదు, నాది” అంది బొంగరం మేడం. “నా నోటికి తెర పెట్టుకున్నాను గానీ, మీ మొహానికి పెట్టాలని తట్టలేదు. ఎప్పుడు తగ్గిందో తెలీదు గానీ, పిల్లకి వినికిడి ఇంకా తగ్గింది. ఈ మిషన్లు చాలవు. ఎంత తగ్గిందో ఈ రోజే తేల్చాలి, ఈ రోజే శబ్దం పెంచి చూడాలి. వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యండి, రమ్మనండి.”

అప్పటికే పిచ్చుక చెవి మిషన్లు తీసి కంప్యూటర్‌కి తగిలిస్తోంది. పిల్ల ఇదంతా కొత్త ఆట అనుకుని, చెక్క ముక్క చెంపకి ఆనించుకుని, అమ్మమ్మ మొహంలోకి చూస్తూ సిద్ధంగా కూర్చుంది. అమ్మమ్మ ఆ చూపుకి ఓర్చుకోలేక గోడ వైపు తిరిగి ఫోన్ చెవికి పెట్టుకుంది.

“అమ్మడూ, కొట్లో చెప్పి రావే” అంది. అవతల కూతురు ఏదో అడిగింది. “పడిపోలేదే, దెబ్బలేం లేవు. దానికి వినపడటం లేదే తల్లీ. ఇన్నాళ్ళూ దాని బదులు నేనే విన్నాను.”